మణికట్టు మాట



గత మాసమున మాకు చేరిన జాబులలో నొకటి మమ్ము రెండు మూడు దినములు కలవరపెట్టినది. వ్రాసిన యామె యొక చిన్న పట్టణమున నుండు గృహిణి. ఆమె కుమార్తెకు పదుమూడవ యేడు. నాలుగేండ్లుగా టెన్నిసు ఆడుచు, తన యీడు పిల్లలలో మంచి ఆటకత్తె యని పేరు తెచ్చుకొన్నది. ఒకనాడు తల్లి జడ వేయుచు దువ్వెన యిమ్మనగా పిల్ల యెడమచేత నందించినదట. పెద్దలకు ఎడమచేత నేదియు నందీయని పిల్ల! కుడిచేయి యేమైనదని యడుగగా ఏమియు లేదన్నది. పట్టి చూడబోగా వెనుకకు లాగుకొన్నది. తుదకు కన్నీరు పెట్టుకొని, "నాన్నగారికి చెప్పకమ్మా, చెప్తే ఆట మాన్పించేస్తారు" అన్నదట. మణికట్టు నొప్పి నాలుగు మాసములనుండి యున్నది. ఆ బిడ్డ నొప్పికంటె నొప్పి బయటపడుటకే యెక్కువ భయపడినది.

"చెప్పినచో ఆట పోవును, చెప్పకున్నచో చేయి పోవునేమో. నే నేమి చేయవలెను?" అని ఆ తల్లి ప్రశ్న.

మేము వైద్యులము కాము. టెన్నిసు బ్యాటు (దానిని రాకెట్టనవలెనని మా చిన్నవాడు మమ్ము దిద్దినాడు) ఎన్నడును చేత పట్టినవారమును కాము. కాని యీ జాబు చదివినంతనే మాకు మరియొక దువ్వెన జ్ఞప్తికి వచ్చినది. హైదరాబాదు ఆడుబిడ్డ సానియా మీర్జా, 2008వ సంవత్సరమున మణికట్టు గాయముచేత తన తల తాను దువ్వుకొనలేని స్థితికి వచ్చితినని తరువాతి కాలమున తానే చెప్పుకొన్నది. ఆమె పేరు వినని యిల్లు మన దేశమున నుండదు. ఆమె గెలుపులను గూర్చియు, దుస్తులను గూర్చియు, పెండ్లిని గూర్చియు పత్రికలవారు కావలసినంతయు, కావలసినదానికంటె నెక్కువయు వ్రాసిరి. ఆమె మణికట్టును గూర్చి వ్రాసినది తక్కువ. ఈ మాసము మేము దానినిగూర్చియే ముచ్చటింప దలచితిమి.

సానియా 1986వ సంవత్సరము నవంబరు 15వ తేదీన బొంబాయిలో పుట్టి, పసితనముననే హైదరాబాదు చేరినది. ఆరవయేట ఆట నేర్పింపబోగా, పిల్ల మరీ చిన్నదని శిక్షకుడు మొదట వెనుదీసెననియు, నెల తిరుగునప్పటికి ఆయనయే తల్లిదండ్రులను పిలిపించి, ఈ వయసున నిట్టి యాట తాను చూడలేదని చెప్పెననియు ఆమె చెప్పుచుండును. ఆ దినములలో ఇప్పటివలె రంగులు పూసిన గట్టి ఆటస్థలములు పిల్లలకు సులభముగ దొరకెడివి కావు. తాను పేడతో అలికిన నేలమీద ఆడి పెరిగితినని ఆమె పలుమారులు చెప్పినది. ఆ మాట చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది. పేడనీళ్ళు కలిపి అలుకుట మనకు తెలియని విద్య కాదు గదా! సంక్రాంతికి మా పుట్టింటి వాకిలి అలికి ముగ్గు పెట్టుట మా వంతుగ నుండెడిది. మన చేతికైనను, ఆమె చేతికైనను మణికట్టునందుండునవి ఎనిమిదేసి చిన్న యెముకలే. అవి రెండు వరుసలుగ, బియ్యములోని రాళ్ళవలె ఒకదానినొకటి యొరసికొనుచు నుండును. వానిపైనుండి స్నాయువులు పోవును. భగవంతుడు ఇంతటి పనిని ఇంతటి చిన్నచోట నెట్లు ఇమిడ్చెనో!

టెన్నిసులో కుడిచేతివాటము గలవారు తమ కుడిప్రక్కకు వచ్చిన బంతిని, అరచేయి ముందునకుండునట్లు కొట్టు దెబ్బను ఫోర్‌హాండ్ అందురు. సానియా కీర్తియంతయు ఈ యొక్క దెబ్బపై నిలిచినది. బంతి బరువు సుమారు 58 గ్రాములు, అనగా ఒక మంచి నిమ్మకాయంత. అది రాకెట్టు తీగలకు తగిలియుండు కాలము సెకండులో 200వ పాలు మాత్రమే. ఆ లిప్తలోనే దానికి వేగమును, గతియు, సుడియు నీయవలెను. కాళ్ళనుండి నడుమునకు, నడుమునుండి భుజమునకు ఎక్కివచ్చిన బలమంతయు మణికట్టు గుండ బయటికి పోవలెను. కొరడా పిడి మెల్లగ కదలినను కొన చురుక్కుమనును. ఆమె చేతిలో ఆ కొన మణికట్టే.

ఆమె కీళ్ళు సాధారణముకంటె నెక్కువ వంగునట్టివని ఆమె యాటనెరిగినవారు చెప్పుదురు. మణికట్టు ఎంత వెనుకకు వంగినచో అంత విసురు వచ్చును. కాని వదులుగనుండు కీలు తన్ను తాను పట్టుకొనలేదు. దానిని పట్టియుంచు పని స్నాయువులమీద పడును. అవి దినమునకు కొన్ని వందలమారులు సాగి, లాగబడి, అరిగిపోవును. కాగా ఆమెకు వరమిచ్చిన చోటనే గాయమును గూడ కూర్చున్నది. ఈ రెండును వేరువేరు సంగతులనుకొని, 'అయ్యో, గాయము లేకున్న ఎంత గొప్పదయ్యెడిదో' యని విచారించువారు కలరు. గాయము లేని మణికట్టు ఆమెకుండినచో ఆ ఫోర్‌హాండ్ ఉండెడిదా యని మా సందేహము.

2003లో వింబుల్డను బాలికల జంటపోటీలో రష్యా బాలిక అలీసా క్లేబనోవాతో కలిసి గెలిచినప్పుడు ఆమె వయసు పదునారు. నిజమైన వెలుగు 2005లో వచ్చినది. ఆ యేటి ఆరంభమున ప్రపంచములో 200 మందికి వెనుకనున్న బాలిక జనవరిలో ఆస్ట్రేలియా పోటీలో మూడవ దశ చేరి సెరీనా విలియమ్సు చేత ఓడినది. ఫిబ్రవరిలో తన హైదరాబాదు నగరముననే, ఆల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి, మహిళల ప్రపంచ సంఘపు ఏకాంగ పోటీని గెలిచిన తొలి భారతీయ స్త్రీ యైనది. మార్చిలో దుబాయి నగరమున, అంతకుముందు యేట అమెరికా పోటీని గెలిచిన కుజ్నెత్సోవాతో ఆడునపుడు ఆమె మడమ బెణికినది. కట్టు కట్టించుకొని మరల దిగి, వరుసగ రెండు సెట్లలో గెలిచినది. సెప్టెంబరులో అమెరికా పోటీలో నాలుగవ దశవరకు పోయి షరపోవా చేత ఓడినది. ఆ యేడు ముగియునప్పటికి ఆమె స్థానము 31. దేశమంతయు చప్పట్లు కొట్టినది. మేమును కొట్టితిమి. బెణికిన మడమతో ఆడి గెలిచినందుకు మరింత గట్టిగ కొట్టితిమి. ఇప్పుడు తలచుకొన్నచో ఆ చప్పట్లలో మా తప్పు కొంత యున్నదేమో యనిపించుచున్నది. నొప్పిని మ్రింగి గెలిచిన బిడ్డను మెచ్చుకొన్న కొలది ఆ బిడ్డ మరుసటిమారు నొప్పిని చెప్పునా?

2007లో మోకాలికి గాయమై కొన్నాళ్ళు ఆట విడువవలసి వచ్చినది. మరల వచ్చి ఆ వేసవిలో ఆడిన యాటయే ఆమె ఏకాంగజీవితమునకు శిఖరము. ఆగస్టు 27వ తేదీన ఆమె స్థానము 27. అంతటి స్థానము మన దేశపు స్త్రీ యెవ్వరును అంతకుమున్ను చూడలేదు. ఆమెకప్పటికి ఇరువదియొకటవ యేడు నిండలేదు.

అటుపిమ్మట మణికట్టు మొరాయించినది. 2008లో శస్త్రచికిత్స జరిగినది. ఆ యేటనే బీజింగులో ఒలింపిక్ క్రీడలు. నాలుగేండ్లకొకమారు వచ్చు పండుగ. దేశము తరఫున ఆడవలెనను కోరిక. చేయి మానినదో లేదో చూచుకొనుటకు తీరికలేని వయసు. ఆగస్టులో ఆమె చెకు దేశపు క్రీడాకారిణి బెనెషోవాతో తొలి యాటకు దిగి, మొదటి సెట్టు 1-6గా ఓడి, రెండవ సెట్టులో 1-2 వద్ద చేయి పట్టుకొని నిలిచిపోయినది. ఆట అంతటితో ముగిసినది. ఆ యేటి తక్కిన పోటీలును పోయినవి. అప్పటి మాసములలోనే తాను దిగులులో మునిగి, గదినుండి వెలుపలికి రాలేకపోతిననియు, మరల ఆడగలుగుదునో లేదో యని యేడ్చితిననియు ఆమె చాలకాలము తరువాత చెప్పినది. దువ్వెన సంగతి అప్పటిదే. ప్రపంచమున పేరుపొందిన చేయి తలలోని చిక్కు తీయలేకపోయినది.

ఇచ్చట మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా రెండవ కాన్పు తరువాత కుడిచేతి బొటనవ్రేలి మొదట నొప్పి పట్టుకొన్నది. గిన్నె దించబోయినచో ప్రాణము పోయినట్లుండెడిది. మూడు మాసములు ఎవరికిని చెప్పలేదు. 'మేమందరము కనలేదా, పెంచలేదా' యను మాట పడవలసి వచ్చునని భయము. గంజి వార్చునప్పుడు గిన్నె జారి కాలిపై పడినపుడుగాని సంగతి బయటపడలేదు. చంటిబిడ్డను మాటిమాటికి చంకలక్రింద చేతులుంచి ఎత్తు తల్లులకు బొటనవ్రేలి వైపు స్నాయువుల తొడుగు వాచుట చాల సామాన్యమనియు, తొలినాళ్ళలోనే వచ్చియున్నచో కొన్ని వారములు పట్టీ కట్టి కదలింపకున్న తగ్గెడిదనియు వైద్యురాలు చెప్పినది. 'ఇన్నాళ్ళు ఎందుకు ఓర్చుకొన్నారు?' అని ఆమె మందలించినపుడు మాకు చెప్పుటకు ఏమియు తోచలేదు. మా చేయి ప్రపంచ ప్రఖ్యాతమైనది కాదు గాని, దాచుటలో ఆ పదుమూడేండ్ల బిడ్డకును మాకును భేదము లేదు.

చిన్ననాడు మా తాతగారియొద్ద ఆదిపర్వము చదువుకొనునప్పుడు ఏకలవ్యుని కథవద్ద మేము పుస్తకము మూసివేసి యేడ్చెడివారము. గురువు కుడి బొటనవ్రేలు అడిగినాడు, అతడిచ్చినాడు. ఆ తరువాత అతడు తక్కిన వ్రేళ్ళతో బాణము వేయగలిగెను గాని మునుపటి వేగము రాలేదు. మా తాతగారు అచ్చట నాపి, 'చూచితివా అమ్మా, వ్రేలు పోయినను విల్లు విడువలేదు' అనెడివారు. అప్పుడు మా కోపమంతయు ద్రోణునిపై నుండుటచే ఆ మాట మా చెవికెక్కలేదు. సానియా కథలో వ్రేలడిగిన ద్రోణుడు లేడు. ఆమె విద్యయే ఆమెనడిగినది. అదియు ఒక్కమారు కాదు, కొంచెము కొంచెముగ, పలుమారులు అడిగినది.

2009 జనవరిలో, బీజింగు జరిగి ఆరు మాసములైనను కాకమునుపే, మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియా మిశ్రమ జంటపోటీని గెలిచి, నాలుగు మహాపోటీలలో నొకదానిని పెద్దల తరగతిలో గెలిచిన తొలి భారతీయ స్త్రీ యైనది. ఆమె తరువాతి బ్రతుకు ఎటు పోవునో ఆ గెలుపే చెప్పినది గాని అప్పు డెవరును వినలేదు. 2010లో మణికట్టు మరల తిరుగబడినది. 2011 చివర మోకాలు. మోకాళ్ళకును మణికట్టునకును కలిపి శస్త్రచికిత్సలు మూడు. 2012లో భూపతితోనే ఫ్రెంచి మిశ్రమపోటీ గెలిచినది. 2013లో, ఇరువదియారేండ్ల వయసున, ఇకమీదట ఏకాంగపోటీలు ఆడనని చెప్పివేసినది.

ఈ నిర్ణయమును గూర్చి మా యింట నొక వాదము నడిచినది. మా యింటివారు బడిపంతులు, లెక్కలు చెప్పువారు. "ఒంటరిగా ఆడలేక జంటలోకి దిగింది. పై తరగతి తప్పి క్రింది తరగతిలో మొదటి మార్కు తెచ్చుకున్నట్టే గదా!" అన్నారు. నిజమే, లోకమున పేరును డబ్బును ఏకాంగపోటీలకే యెక్కువ. అయినను ఆ మాట మాకు నచ్చలేదు. ఏకాంగమున ఆటస్థలము వెడల్పు 27 అడుగులు. ఆ మేరయంతయు ఒక్కతె పరుగెత్తి కాచుకొనవలెను. జంటపోటీలో వెడల్పు 36 అడుగులు, ఇద్దరు పంచుకొందురు. పరుగు తగ్గును, బంతి యొక్కొక్కరు కొట్టు మారులును తగ్గును. కాని చూపు పెరుగవలెను. వలదగ్గర నిలిచినవారు ఎటు కదలుదురో, తన తోడిది ఎచ్చట నున్నదో, ఏ సందున బంతి దూరునో కన్ను మూసి తెరచునంతలో తెలిసికొనవలెను. మోకాలికి తక్కువ పని, బుద్ధికి ఎక్కువ పని. ఇది క్రింది తరగతి యెట్లగును? వేరు పాఠము. పైగా ఒంటరి ఆటనే పట్టుకొని వ్రేలాడినచో ఆమెకు మిగిలియుండునవి బహుశః రెండు మూడేండ్లు. వదలుకొన్నందున దొరకినవి పదేండ్లు. ఈ లెక్క చెప్పినపుడు లెక్కల పంతులుగారు ఊరకుండిరి. ఒప్పుకొన్నట్లు మాత్రము చెప్పలేదు.

ఆ పదేండ్లలో మిక్కిలి ముచ్చటైన భాగము స్విట్జర్లాండు క్రీడాకారిణి మార్టీనా హింగిసుతో జతకూడిన కాలము. హింగిసు కథ కూడ వినదగినదే. ఆమె పదునారేండ్ల వయసున, 1997లో, ప్రపంచమున ప్రథమస్థానము నందుకొన్న బాలమేధావి. పాదముల గాయములు బాధింపగా 2003లో, ఇరువదిరెండేండ్లకే, తొలిమారు ఆట విరమించినది. తిరిగివచ్చినది, మరల పోయినది, 2013లో జంటపోటీలకని మరల వచ్చినది. అనగా 2015 మార్చిలో వలకు ఒకవైపున చేరిన ఆ యిద్దరును గాయములచేత ఒంటరి ఆటనుండి వెడలగొట్టబడినవారే. సానియా వెనుకనుండి ఫోర్‌హాండుతో ఎదిరివారిని చెదరగొట్టును. హింగిసు వలదగ్గర నిలిచి చెదరిన బంతిని కోసివేయును. కలిసినంతనే వరుసగా మూడు పోటీలు గెలిచిరి. ఏప్రిలు 13వ తేదీన సానియా జంటపోటీలలో ప్రపంచమున ప్రథమస్థానము పొందినది. మన దేశపు స్త్రీలలో ఆ స్థానము నెక్కినది ఆమెయే మొదట.

ఆ యేడు జూలై 11వ తేదీన జరిగిన వింబుల్డను తుదియాట నుండి మేము లేవలేకపోతిమి. ఎదుట రష్యా జంట, మకరోవా, వెస్నీనా. (ఈ వెస్నీనా 2011లో ఫ్రెంచి పోటీ తుదియాటలో సానియాకు తోడుగ ఆడి ఓడినామెయే. ఆటలో నిన్నటి తోడు నేటి పగ!) మొదటి సెట్టు 5-7గా పోయినది. రెండవది 7-6గా దక్కినది. మూడవదానిలో 2-5గ వెనుకబడిరి. ఇక నొక్క గేము పోయినచో ముగిసినట్లే. మేము టెలివిజను ముందునుండి లేచి పొయ్యిమీది పాలు దింపి వచ్చుటకును మనసొప్పలేదు, పాలు పొంగినవి. వారు ఒక గేము తెచ్చుకొనిరి, మరియొకటి, మరియొకటి. 5-5. చీకటి పడుచున్నందున అచ్చట ఆటనాపి పైకప్పు మూసి దీపములు వెలిగించిరి. మరల దిగినవెంటనే రెండు గేములు గెలిచి 7-5గా ముగించిరి. అప్పుడు సానియా ముఖము చూచినవారికి, ఏడేండ్ల క్రిందట గదిలో తలుపు మూసికొని యేడ్చిన పిల్ల యిదియే యని తోచియుండదు.

సెప్టెంబరులో అమెరికా పోటీ, మరుసటి జనవరిలో ఆస్ట్రేలియా పోటీ కూడ ఈ జంటకే దక్కినవి. ఆస్ట్రేలియాలో వారు ఓడించినది 2011లో సానియాను, వెస్నీనాను ఫ్రెంచి తుదియాటలో ఓడించిన చెకు జంటనే. 2016 ఫిబ్రవరివరకు వరుసగ 41 ఆటలు ఓటమి లేక గెలిచిరి. సానియా మొత్తము 91 వారములు ప్రథమస్థానమున నున్నది.

ఇట్టి సమయముననే, 2016లో, ఆమె ఆత్మకథ వెలువడినపుడు, 'ఎప్పుడు స్థిరపడుదురు, బిడ్డలెప్పుడు' అని ఒక పత్రికారచయిత యడిగెను. ప్రపంచమున మొదటిస్థానమున నున్నను నేను స్థిరపడనట్లేనా యని ఆమె తిరిగి యడుగగా ఆయన క్షమాపణ చెప్పుకొనెను. మన పాఠకురాండ్రలో ఈ ప్రశ్న వినని వారెవరు? ఆ క్షమాపణ మాత్రము మనకు దొరకదు.

2017 చివర మోకాలు మరల నిలిపివేసినది. 2018 అక్టోబరులో కుమారుడు పుట్టెను. కాన్పు తరువాత పెరిగిన బరువులో సుమారు 26 కిలోలు తగ్గించుకొని 2020 జనవరిలో హోబర్టు నగరమున తిరిగి ఆడి, నదియా కిచెనోక్ అను ఉక్రెయిను క్రీడాకారిణితో కలిసి ఆ పోటీ గెలిచినది. తల్లులమందరము సంతోషించితిమి. ఆ వెంటనే వచ్చిన ఆస్ట్రేలియా పోటీలో పిక్క కండరము పట్టివేయగా ఆట నడుమనే విడువవలసి వచ్చినది. ఈసారి ఆమె మొండికి పోలేదు. బీజింగులో ఇరువదియొకటవ యేట చేయనిది ముప్పదిమూడవ యేట చేసినది. నొప్పి పలికినంతనే నిలిచినది. నిలిచినందున 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలకు పోగలిగినది. అది ఆమెకు నాలుగవ ఒలింపిక్ క్రీడ. అచ్చట అంకితా రైనాతో కలిసి మొదటి సెట్టు 6-0గా గెలిచియు, నదియా కిచెనోక్, ఆమె కవలసోదరి చేతులలో తృటిలో ఓడినది.

2022 జనవరిలో, ఈ యేటితో చాలింతునని ప్రకటించినది. మోకాలు నొప్పించుచున్నదనియు, మూడేండ్ల బిడ్డను వెంట తిప్పుట కష్టమనియు ఉన్నదున్నట్లు చెప్పినది. ఆగస్టులో కెనడాలో మోచేతి స్నాయువు గాయపడి అమెరికా పోటీ తప్పినది. అంతటితో చాలించినచో నెవరును తప్పు పట్టియుండరు. కాని తన వీడ్కోలు దినమును గాయము నిర్ణయించుట తన కిష్టము లేదని, చేయి మానువరకు వేచి, 2023 జనవరిలో మరల ఆస్ట్రేలియా పోయినది. రోహన్ బోపన్నతో మిశ్రమపోటీ తుదియాట చేరి ఓడినది. ఫిబ్రవరిలో దుబాయిలో తుది పోటీ ఆడినది. మార్చి 5వ తేదీన హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియమున తనవారి నడుమ ఆడి సెలవు పుచ్చుకొన్నది. జంటపోటీలలో ఆమె గెలిచినవి 43.

ఇక జాబు వ్రాసిన సోదరికి.

అమ్మా, ముందుగ నాన్నగారికి చెప్పుడు. ఒంటరిగా కాదు, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చెప్పుడు. 'నొప్పి యున్నది, చూపింపవలెను' అను మాటయు, 'ఆట మాన్పింపవలెను' అను మాటయు రెండు వేరు మాటలని మొదటనే తేల్చుకొనుడు. ఈ రెండును మన యిండ్లలో నొకటిగ కలిసిపోయినందువలననే ఆడుపిల్లలు నొప్పిని దాచుదురు. మగపిల్లవాని చేయి నొచ్చినచో వైద్యుని యింటికి దారి అడుగుదుము. ఆడుపిల్ల చేయి నొచ్చినచో ఆట యెందుకని యడుగుదుము.

ఎముకలు కీళ్ళు చూచు వైద్యునికి చూపింపుడు. తైలములు, కాపడములు, ఇరుగుపొరుగువారి కట్లు వలదు. పదుమూడేండ్లకు ఎముకల చివరనుండు పెరుగుదల భాగము ఇంకను గట్టిపడియుండదు. మణికట్టువద్ద అది నలిగినచో పెద్దవారి బెణుకువలె తీసివేయరాదు. నాలుగు మాసముల నొప్పి ఉపేక్షింపదగినది కాదు. రాకెట్టు పిడి ఆమె చేతికి తగినంత లావుగ నున్నదా, బరువు తగినదా యని శిక్షకునిచేత చూపింపుడు. పెద్దల రాకెట్టు ముందుగనే చేతికిచ్చుట మన ఊళ్ళలో కద్దు. వైద్యుడు విశ్రాంతి యన్నచో ఆరు వారములైనను, మూడు మాసములైనను పూర్తిగ నీయుడు. ఆ కాలమున ఆటస్థలమునకు పోవుట మాత్రము మాన్పింపకుడు. కాళ్ళ అభ్యాసము చేయవచ్చును. గట్టుమీద కూర్చుండి ఇతరుల యాట చూచి, బంతి యెచ్చట పడునో ముందుగ చెప్పుట నేర్చుకొనవచ్చును. బీజింగులోని సానియా కథ ఆ బిడ్డకు మీరే చెప్పుడు. వింబుల్డను కథ ఆమెకు తెలిసియే యుండును.

మాయొద్ద ఆ బిడ్డ పేరుగాని ఊరుగాని యెవరికిని తెలియదు, భయపడవలదు. వైద్యుడేమి చెప్పెనో మాకు వ్రాయుడు. దువ్వెన ఇప్పుడు ఏ చేత నందించుచున్నదో, అదియు వ్రాయుడు.